రెండు కోట్ల మనిషి

పాత ఫొటోల కింద తుంటరి వ్యాఖ్యలు రాసేవాళ్ళను చూసి విసుక్కునే పెద్దమనుషులంటే నాకు జాలి. వ్యాఖ్య అంటే ఏమనుకుంటున్నారు మీరు? నిప్పు తర్వాత మానవజాతి కనిపెట్టిన గొప్ప వస్తువు అది!

కాదంటారా? అయితే ఆలోచించండి. ఒక పాత ఫొటో మీ చేతికి వచ్చింది. అందులో ఉన్నవాళ్ళెవరో, అక్కడేం జరిగిందో మీకు అర్థం కావడం లేదు. తెలుసుకోవాలంటే ఎవరినైనా అడగాలి. అడగాలంటే వాళ్ళింటికి వెళ్ళాలి. వెళ్తే టీ ఇస్తారు. వద్దనాలి. వాళ్ళు తాగమనాలి. మళ్ళీ వద్దనాలి. వాళ్ళు తమ పిల్లల మీద ఒట్టు పెట్టాలి. మూడోసారి వద్దని, అప్పుడు తాగాలి. ఈలోపు టీ చల్లారిపోతుంది, మీరు ఏమడగడానికి వచ్చారో మరిచిపోతారు. అదే వ్యాఖ్య అయితే? బొటనవేలు ఒక్కటి ఉంటే చాలు. పక్కవాడితో మాట్లాడే బాధ లేకుండా పక్కవాడి గురించి మాట్లాడవచ్చు.

ఈ విద్యలో ఇరాన్ మొత్తంలో మా హమదాన్ ఊరివాళ్ళను మించినవాళ్ళు లేరని సవినయంగా మనవి చేస్తున్నాను. అల్వంద్ కొండ మీద మంచు పడడం ఏ వేసవిలోనో ఆగుతుంది గాని, మా కాలేజీ పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో వ్యాఖ్యలు ఆగవు. ఎవరికైనా మోకాలి శస్త్రచికిత్స జరిగిందని వార్త పెడితే, ఆ మోకాలు లేచి నడిచే లోపల దాని మీద నలభై జోకులు నడిచిపోతాయి. ఇంతటి చైతన్యం ఇంకెక్కడుంది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. శీర్షిక చూసి ఆస్తి లెక్కలు వేయకండి. ఇది చలికోట్ల సంగతి.

కొండ దారిలో ఉన్న మా పాత కాలేజీకి వజ్రోత్సవం వచ్చింది. గ్రూపును నడిపే కామ్రాన్ టైల్స్ వ్యాపారి. వయసులో మాకంటే బాగా చిన్నవాడు, ఉత్సాహంలో మా అందరినీ కలిపి కూడినంత పెద్దవాడు. అతనికి కాలేజీ సామాన్ల గదిలో, విరిగిన బల్లల వెనక, ఒక ఫొటో దొరికింది. దాన్ని గోడంత పెద్దది చేయించి సభామందిరంలో తగిలిస్తామనీ, దాని కింద ఒకే ఒక వ్యాఖ్య శాశ్వతంగా చెక్కిస్తామనీ, బాగా రాసినవారికి ఒక డబ్బా కుమాజ్ అనే తీపి రొట్టెలు బహుమతి ఇస్తామనీ ప్రకటించాడు. కుమాజ్ రొట్టె కోసం మా ఊరివాళ్ళు సొంత తాతను కూడా ఎగతాళి చేస్తారు.

ఫొటో విప్లవానికి ఏడెనిమిదేళ్ళ ముందుది. నడి చలికాలం. కాలేజీ మెట్ల మీద మంచు. ముందు కుర్చీల్లో లెక్చరర్లు, వెనక మెట్ల మీద నల్ల కోట్లలో విద్యార్థులు. అందరి మొహాలూ ఎవరో పోయినట్టు ఉన్నాయి. ఆ రోజుల్లో ఫొటోకి నవ్వడం తప్పు గనక అందులో వింతేమీ లేదు.

వింతంతా మూడో వరసలో చివర ఉంది. అక్కడొక కుర్రవాడు చలికోటు మీద ఇంకో చలికోటు తొడుక్కున్నాడు. పైకోటు లేత గోధుమ రంగుది. గుండీలు పట్టలేదు. చేతులు కిందికి దిగక రెండు పక్కలా నిలబడిపోయాయి. రెండు కాలర్లూ పైకి లేచి మొహంలో ముక్కూ నోరూ తప్ప మరేమీ మిగల్లేదు. అతని పక్కన మరో కుర్రవాడు ఉత్త తెల్ల చొక్కాతో, మెడలో టైతో, నెత్తిమీద మంచుతో నవ్వుతూ నిలబడ్డాడు. అందరూ కెమెరాను చూస్తున్నారు. ఈ ఇద్దరే ఒకరినొకరు చూసుకుంటున్నారు. రెండు నోళ్ళూ తెరిచే ఉన్నాయి.

ఏమిటిది? ఎవరు వీళ్ళు? అడగవచ్చు కదా అంటారా? ఎంత మాట! గ్రూపులో రెండు వందల మంది చదువుకున్నవాళ్ళుండగా అడగడమేమిటి?

దంతవైద్యుడు సియావష్ తొలి దెబ్బ కొట్టాడు. "ఒకటి క్యాబేజీ, ఒకటి ముల్లంగి. వ్యవసాయ విభాగం వారి ప్రదర్శన" అని రాశాడు. దాని కిందే ఇంకొకరు "కాలేజీలో చేరిన రోజు, ఫీజు కట్టిన రోజు" అన్నారు. "ఆ రోజుల్లో బీరువాలు నడిచేవి" అని ఒకరు. వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుందని మన లెక్చరర్ చెప్పింది అబద్ధమని తేలిపోయిందని మరొకరు. ఒకావిడ "పెళ్ళికి ముందు, పెళ్ళి తర్వాత" అని రాసింది. ఏది ముందు, ఏది తర్వాత అని వాళ్ళాయన అడిగాడు. ఆవిడ జవాబు చెప్పింది. ఆ సాయంత్రానికి ఇద్దరూ విడివిడిగా గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

మాలో కవులకు కొదవా? బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తెల్ల చొక్కాను ప్రేమికుడిగా, రెండు కోట్లను కరుణలేని ప్రేయసిగా ఊహించి గజల్ కట్టాడు. వ్యాఖ్య రెండు పంక్తులకు మించరాదని కామ్రాన్ వేడుకున్నాడు. ప్రతి చరణమూ రెండు పంక్తులే కదా అని కవిగారు కోప్పడ్డారు.

ఇంతలో ఎవరో "దొంగ ఎంత ధైర్యంగా ఫొటోకి నిలబడ్డాడో చూడండి!" అని పెట్టారు. అంతే! గ్రూపు మొత్తం ఆ దారి పట్టింది. పక్కవాడి కోటు లాక్కున్నాడని ఒకరంటే, కాదు నిద్రలో ఉండగా ఒలిచాడని ఒకరు. తర్వాత ఇరానీ తివాచీల దొంగతనాల్లోకి దిగి ఉంటాడని ఒకరు ఊహిస్తే, చివరికి ఎక్కడ పట్టుబడ్డాడో కూడా ఇంకొకరు చెప్పేశారు. చిలవలు పలవలు అల్లడం అంటే ఇదీ! వంద హృదయం బొమ్మలతో దొంగ వ్యాఖ్య అన్నిటికన్నా ముందుకు దూసుకుపోయింది. గోడకెక్కేది అదేనని కామ్రాన్ సూచనగా చెప్పాడు.

ఇదంతా ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని చదువుతున్న ఈరజ్ గారికి చలికాలంలో చెమట పట్టింది. రెండు కోట్ల మనిషి ఆయనే.

ఈరజ్ గారు కాలవల ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఉద్యోగమంతా వాల్‌నట్ తోటల మధ్య తిరిగి కూడా, రాలిన కాయనైనా అడక్కుండా ముట్టని మనిషి. అలాంటివాడు దొంగ అన్న పేరుతో కాలేజీ గోడకు వేలాడబోతున్నాడు. ఆయనను కోసింది ఆ మాట కాదు. ఆ రెండు వందల మందిలో తెల్ల చొక్కా మనిషి కూడా ఉన్నాడు. పేరు ఫర్రుఖ్. రెండు వీధుల అవతల ఉంటాడు. "ఇతను దొంగ కాదు" అని ఫర్రుఖ్ ఒక్క ముక్క రాస్తే చాలు. రాయలేదు. ఈరజ్ గారు ఫోన్ పెట్టేసి, మళ్ళీ తీసి, మళ్ళీ చూశారు. గ్రూపులో ఆయన కూడా తేలు కుట్టిన దొంగలా ఉండిపోయారు. దొంగ కాకపోయినా తేలు మాత్రం కుట్టింది కదా!

ఇంతకీ ఆ రోజు ఏం జరిగింది? చెప్తాను. వ్యాఖ్యలంత రసవత్తరంగా ఉండదు, ఓర్చుకోండి.

ఈరజ్, ఫర్రుఖ్ ఆ రోజుల్లో ఒకే గదిలో ఉండేవారు. ఒకే గిన్నెలో తినేవారు, ఒకే పుస్తకం చదివి పరీక్ష వేరువేరుగా తప్పేవారు. ఫర్రుఖ్‌కు వాళ్ళ మేనమామ టెహ్రాన్‌లో కుట్టించిన కొత్త కోటు వచ్చింది. ఫొటో రోజున దాన్ని తొలిసారి తొడుక్కుని మెట్లమీదికి వచ్చాడు. ఈరజ్ దాని కాలరు నిమిరి, బాగుందిరా, నూరేళ్ళు తొడుక్కో అన్నాడు. పెంపకం ఉన్నవాడు అప్పుడేమంటాడు? నీకంటే ఎక్కువా, నీదే, తీసుకో అంటాడు. ఫర్రుఖ్ అదే అన్నాడు. ఈరజ్ వద్దన్నాడు. ఫర్రుఖ్ కోటు విప్పి, నీ మీద ఒట్టు అంటూ అతని భుజాల మీద వేసి, చేతులు దూర్చేశాడు. ఈరజ్ రెండోసారి వద్దన్నాడు.

మొహమాటానికి మా ఊళ్ళో గట్టి వ్యాకరణం ఉంది. ఇచ్చేవాడు మూడుసార్లు ఇవ్వాలి, పుచ్చుకునేవాడు మూడుసార్లు వద్దనాలి. మూడో వద్దుతో వస్తువు సొంతదారుడికి తిరిగి వెళ్ళిపోతుంది. ఇద్దరి గౌరవమూ దక్కుతుంది, కోటూ దక్కుతుంది. ఈరజ్ మూడో వద్దు చెప్పడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే నల్లగుడ్డ కింది నుంచి ఫొటోగ్రాఫరు ఎవరూ కదలొద్దు, మాట్లాడొద్దు, ఊపిరి కూడా తీయొద్దు అని అరిచాడు!

ఫొటో అయిపోయింది. ఫర్రుఖ్‌ను సెలవులకు మలాయెర్ తీసుకెళ్ళడానికి గేటు దగ్గర వాళ్ళ చిన్నాన్న లారీ హారన్ కొడుతోంది. ఫర్రుఖ్ నవ్వుతూ పరిగెత్తాడు. మూడో వద్దు అంటూ ఈరజ్ వెనకే వస్తాడని అతని ధీమా. ఈరజ్ పరిగెత్తాడు కూడా. రెండు కోట్లు తొడుక్కుని మంచు మెట్లమీద పరిగెత్తి చూడండి, తెలుస్తుంది. పడ్డాడు. లేచేసరికి లారీ వెళ్ళిపోయింది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. మా ఈరజ్‌కు కోటొచ్చింది.

సెలవులయ్యాక కోటును శుభ్రంగా దులిపి, మూట కట్టి, ఈరజ్ ఫర్రుఖ్ ముందు పెట్టాడు. ఫర్రుఖ్ మర్యాద తెలిసినవాడు గనక వద్దన్నాడు. తీసుకోరా అన్నాడు ఈరజ్. ఇచ్చేశాను కదరా అన్నాడు ఫర్రుఖ్. ఇక మూడోసారి ఇస్తే అతను తీసుకోవాలి. కాని ఫర్రుఖ్ ముక్కు ఎర్రగా ఉంది, దగ్గుతున్నాడు. ఇంకోసారి ఇస్తే నీ కానుక నాకొద్దని మొహాన కొట్టినట్టవుతుందేమో అని ఈరజ్‌కు తోచింది. సరే, నీ ఇష్టం అని మూట వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే ఫర్రుఖ్ చెయ్యి సగం దూరం వచ్చేసింది. ఆ చేతిని ఏం చేయాలో తెలియక చెవి గోక్కున్నాడు.

ఒకసారి మూడో వద్దు రాలేదు, ఒకసారి మూడో తీసుకో రాలేదు. అంతే జరిగింది.

మాట వరసకు అన్నదాన్ని పట్టుకుని నా కోటు కొట్టేశాడని ఫర్రుఖ్ అనుకున్నాడు. నోటితో ఇచ్చి కడుపులో పెట్టుకున్నాడని ఈరజ్ అనుకున్నాడు. వాళ్ళు కొట్టుకుని ఉంటే వారంలో కలిసిపోయేవారు. మావాళ్ళు కొట్టుకోరు, గౌరవిస్తారు! 'ఒరే' అనుకునేవాళ్ళు 'మీరు' అనుకోవడం మొదలుపెట్టారు. అలిగినవాడు తిడితే బతిమాలవచ్చు, గౌరవిస్తే ఏం చేస్తాం?

అప్పటి నుంచి ఒకే ఊళ్ళో ఉన్నారు. రొట్టెల కొట్టు దగ్గర ఎదురైతే, ఇంజనీరు గారు ముందు దయచేయాలని ఆయన, ఫర్రుఖ్ గారు ముందు నడవాలని ఈయన, మీ నీడ తరగకూడదని ఒకరు, నేను మీ పాదధూళినని ఒకరు. లోపల రొట్టెలు అయిపోయేవి. ఒకరి పెళ్ళికి ఒకరు పువ్వులు పంపుకున్నారు, వెళ్ళలేదు. కోటు సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. అది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న వ్యవహారం. ఈరజ్ ఆ కోటు ఒక్కరోజూ తొడుక్కోలేదు. కర్పూరం ఉండలు వేసి దాచారు. ఏటా చలికాలం ముందు ఆయన భార్య తూబా ఖానుమ్ దాన్ని బాల్కనీలో ఎండేసేది. కింద వీధిలో పోయే ఫర్రుఖ్ తలెత్తి చూసి, నాకు చూపించి ఏడిపించడానికే ఆరేశారని అనుకునేవాడట.

ఇవన్నీ నాకు తూబా ఖానుమ్ చెప్పింది. ఊరందరిదీ ఒక దారైతే ఆవిడది ఒక దారి. నహావంద్ పల్లెల్లో పెరిగిన మనిషి. టీ తాగుతావా అంటే తాగుతాననేస్తుంది. అందుకే మా ఊళ్ళో ఆవిడను కొంచెం మోటు మనిషి అంటారు.

భర్త ఫోన్ పట్టుకుని చెమటలు పోసుకోవడం చూసి ఆవిడ వచ్చి కూర్చుంది. ఫొటో చూసింది, వ్యాఖ్యలన్నీ చదివింది. క్యాబేజీ దగ్గర నవ్వింది కూడా.

"ఏవండీ ఇంజనీరు గారూ, కోటు మీరు దొంగిలించారా?" అని అడిగింది.

"లేదు."

"అయితే ఆ ముక్క రాయండి. దానికేమన్నా కాలవ తవ్వాలా?"

ఆయన నసిగారు. రాస్తే ఫర్రుఖ్ మాట వరసకే ఇచ్చాడని నలుగురికీ చెప్పినట్టవుతుందేమో, రాయకపోతే దొంగగా మిగిలిపోతానేమో అన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది.

"మీకు దొంగ అన్న పేరు పోవడం కావాలా, ఫర్రుఖ్ కావాలా? ముందు అది తేల్చుకోండి."

 ఈరజ్ గారికి ఫర్రుఖే కావాలి. ఆ సంగతి ఆయనకు కొత్తగా తెలిసింది కాదు, ఎవరూ అంత సూటిగా అడగలేదంతే. కళ్ళజోడు తుడుచుకుని, జరిగిందంతా గ్రూపులో రాశారు. లారీ, మెట్లు, మూట, ఏదీ వదల్లేదు. చివర, ఆ రెండు కోట్లవాణ్ణి నేనే, ఆ రోజు మూడోసారి చెప్పనందుకు ఇన్నాళ్ళూ బాధపడుతున్నాను అని ముగించారు.

పాఠకులారా, వ్యాఖ్య మహిమ ఇప్పుడు చూడండి! నిజం వచ్చి గ్రూపులో నిలబడితే రెండు వందల మంది ఏం చేశారు? చప్పట్లు కొట్టారు. ఏం కల్పన, ఏం కల్పన అని ముక్కున వేలేసుకున్నారు. ఇంజనీరు గారిలో ఇంత హాస్యరచయిత ఉన్నాడని తెలియదని దంతవైద్యుడు రాశాడు. లారీ దగ్గర కొంచెం అతిశయోక్తి అయిందని గజల్ కవి సవరణ సూచించాడు. నిజంగా జరిగిందని ఈరజ్ గారు మళ్ళీ రాస్తే, చూడండి, పాత్రలోంచి బయటికే రావడం లేదు, ఎంత నటన అని మెచ్చుకున్నారు. ఉత్తమ వ్యాఖ్య ఇదే, కాని గోడకు పట్టదు, ఒక్క వాక్యానికి కుదించి పంపండి అని కామ్రాన్ కోరాడు.

ఫర్రుఖ్? ఫర్రుఖ్ ఒక గులాబీ బొమ్మ పెట్టాడు. అంతే.

మా దేశంలో గులాబీ బొమ్మకు అర్థమేమిటని అడక్కండి. ధన్యవాదాలు, క్షమించండి, మీ నాన్నగారు పోయారట పాపం, ఇక నోరు ముయ్యండి, అన్నిటికీ అదే గులాబీ. ఈరజ్ గారు సభ రోజు వరకు ఆ గులాబీనే చూస్తూ గడిపారు. ఒకరోజు అందులో ప్రేమ కనిపించేది, మర్నాడు ముళ్ళు కనిపించేవి.

సభ రోజున మంచు పడింది. మందిరం నిండిపోయింది, నేనూ వెళ్ళాను. వేదిక వెనక గోడంత ఫొటో. కింద వ్యాఖ్య చెక్కించాల్సిన చోటు ఇంకా ఖాళీగా ఉంది. కామ్రాన్ మైకు పట్టుకుని ఉత్తమ కల్పనకు బహుమతి అంటూ ఈరజ్ గారిని పిలిచాడు. ఆయన వెళ్ళారు. రొట్టెల డబ్బా చేతిలో పెట్టారు. ఆయన దాన్ని బల్ల మీద ఉంచి మైకు దగ్గరకు జరిగారు. ఇది కల్పన కాదనీ, ఆ మూడో వరసలో ఉన్నది తానేననీ, పక్కనున్నది ఫర్రుఖ్ అనీ చెప్పారు.  జనం నవ్వు ఆపుకోలేకపోయారు. ఎవరో ఈల కూడా వేశారు.

వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు. సన్నగా, కర్ర సాయంతో. మర్యాదకు మా ఊళ్ళో ఆయన పెట్టింది పేరు. ఇంజనీరు గారి నీడ తరగకూడదనో, తమరి వాక్కు తేనె అనో ఏదో ఒకటి అంటారని, రాసుకోవడానికి నేను కాగితం తీశాను.

"ఆ రోజు నాకు చలేసిందిరా, ఈరజ్" అన్నాడు ఫర్రుఖ్.

'మీరు' పోయి 'రా' వచ్చింది. ఇన్నేళ్ళకు!  ఈరజ్ గారి మొహం చూడలేక నేను కాగితం వైపు చూసుకున్నాను.

 మందిరమంతా పగలబడి నవ్వింది. ఇంత చిన్న వాక్యంలో ఇంత వ్యాఖ్యా! గోడకు సరిగ్గా పట్టేది ఇదే! కామ్రాన్ అక్కడికక్కడే తీర్పు మార్చి, బల్ల మీది రొట్టెల డబ్బా తీసుకెళ్ళి ఫర్రుఖ్ చేతిలో పెట్టాడు. సభంతా ఏకగ్రీవం. సభ అయ్యాక ఇద్దరు పెద్దలు ఎంత బాగా నటించారని అందరూ వచ్చి వాళ్ళ భుజాలు తట్టి వెళ్ళారు.

జనం పలచబడ్డాక ఇద్దరూ బయట మెట్లమీద నిలబడ్డారు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. తెలియనప్పుడు మా నాలుకలకు అలవాటైన మాట ఒకటుంది. మంగలి అంటాడు, టాక్సీ దిగుతుంటే డ్రైవరు అంటాడు, పళ్ళు పీకేవాడు కూడా అంటాడు. ఈరజ్ నోట్లోంచి అదే వచ్చింది.

"ఇంటికి రా, భోంచేద్దాం."

ఇది పిలుపు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దీనికి జవాబు, మీకెందుకు శ్రమ, ఇంకోసారి వస్తాలే అని. అది ముందు నుంచీ అచ్చువేసి ఉన్న జవాబు. ఈరజ్ దాని కోసమే ఆగాడు.

"పద. తూబా ఏం వండింది?" అన్నాడు ఫర్రుఖ్.

ఈరజ్‌కు కాసేపు అర్థం కాలేదట. మొదటి వద్దు ఏమైందా అని వెతుక్కున్నాడట. అర్థమయ్యాక ఫర్రుఖ్ చేయి పట్టుకుని మెట్లు దింపాడు. అది మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఇంట్లో ఇద్దరికే సరిపడా మాంసం పులుసు ఉంది. తూబా ఖానుమ్ అందులో రెండు గ్లాసుల నీళ్ళు, ఒక బంగాళాదుంప వేసి పొయ్యి పెంచింది. తర్వాత లోపలికి వెళ్ళి గోధుమ రంగు కోటు తెచ్చి, తీసుకుంటారా అని అడక్కుండా ఫర్రుఖ్ భుజాల మీద వేసింది. అతను వద్దనలేదు. ఒక్కసారి కూడా అనలేదు! ఇప్పుడది అతనికి బాగా వదులైంది. పులుసు పడి మరకలవుతాయి, తీసి తినమని ఆవిడ అంది. అతను తీయలేదు. ఆ కోటుతోనే తిన్నాడు, చెమటలు కారుతున్నా అలాగే కూర్చున్నాడు, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. ఇంటికి వెళ్ళేముందు మళ్ళీ గురువారం వస్తానని చెప్పాడు. ఎవరూ పిలవకుండానే!

ఈ ప్రవర్తనను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఒకరు ఇవ్వగానే ఇంకొకరు తీసుకుంటే, రమ్మనగానే వచ్చేస్తే, చలేసినప్పుడు చలేసిందని చెప్పేస్తే మా ఊరు ఏమైపోవాలి? మనుషులు ఇలా ఉన్నదున్నట్టు మాట్లాడుకోవడం మొదలుపెడితే ఫొటోల్లో వింతలెక్కడి నుంచి వస్తాయి? వింతలు లేకపోతే వ్యాఖ్యలెక్కడి నుంచి వస్తాయి? రెండు వందల మంది చదువుకున్నవాళ్ళు సాయంత్రాలు ఏం చేసుకోవాలి? ఎదురింటి తలుపు తట్టి, ఎలా ఉన్నావని అడగాలా?

అదృష్టవశాత్తూ గ్రూపు చెక్కుచెదరలేదు. ఫర్రుఖ్ మాటను ఇత్తడి పలక మీద చెక్కించి ఫొటో కింద బిగించారు. చూసినవాళ్ళంతా నవ్వుతున్నారు. ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు అని ఇప్పటికీ ఒక్కరూ అడగలేదు.

నా మిత్రులకు మాత్రం ఒక మనవి. వీధిలో నేను ఎదురైనప్పుడల్లా, ఒకసారి ఇంటికి రావయ్యా, భోంచేద్దాం అంటారు మీరు. మీకెందుకండీ శ్రమ అంటాను నేను. మీరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోతారు, నేను ఒంటిగదికి వచ్చి రొట్టె కాల్చుకుంటాను. చాలా ఏళ్ళు మర్యాదగానే గడిచాయి. ఈసారి ఆ మాట అనేముందు కాస్త ఆలోచించుకోండి. నేను వచ్చేస్తాను.